ఆదివారానికి వంద చొప్పున

ఐదో తేదీ, బుధవారం

చిరంజీవి మరదలికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టడం నాకు అలవాటు గానీ, ఈసారి క్షేమం లేదు. నా గదిలో దొంగలు పడ్డారు. విచిత్రం ఏమిటంటే, ఒక్క వస్తువూ పోలేదు.

కంగారుపడకు, నాకు మతి బాగానే ఉంది. మొదటినుంచీ చెబుతాను. నేను బస్సు కంపెనీలో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గదికి సూపరింటెండెంటుని. నువ్వు మా ఆవిడకి స్వయానా చెల్లెలివి. అదే కంపెనీ ప్రధాన కార్యాలయంలో, అన్ని ఊళ్ల ఆఫీసుల జాబితాలూ దాచి ఉంచే కంప్యూటరుకి కాపలా ఉద్యోగం నీది. తెలిసినవే మళ్లీ ఎందుకు రాస్తున్నాడీయన అనుకుంటావేమో. రేపు ఈ ఉత్తరం విచారణలో పైకి చదవాల్సొస్తే వినేవాళ్లకి అర్థం కావాలి కదా!

బస్సులో ఏది దొరికినా నా దగ్గరికి వస్తుంది. నంబరు చీటీ కట్టి అలమరలో పెడతాం, కంప్యూటరు జాబితాలో ఎక్కిస్తాం. ఎవరైనా ఫోను చేసి "అది నాదేనండీ" అంటే యజమాని అనే గడిలో వాళ్ల పేరు రాస్తాం, వాళ్లు వచ్చి పట్టుకెళ్లాక జాబితాలోంచి తీసేస్తాం. మొన్న సోమవారం సరిచూస్తే అలమరల్లో నాలుగు వందల ముప్పై ఒక్క వస్తువులున్నాయి. జాబితాలో రెండు వందల ముప్పై ఒకటే ఉన్నాయి. సరిగ్గా రెండు వందలు మాయం. మామూలు పొరపాటైతే నూట ఎనభై ఏడో, రెండు వందల మూడో పోతాయి గానీ ఇలా గుండుగుత్తగా పోతాయా? ఎవడో కూర్చుని లెక్కబెట్టి మరీ చెరిపాడు.

నిన్న పైనుంచి కాగితం వచ్చింది. "మీ విభాగం జాబితాలో విశేషమైన మార్పు కనిపించినందున తనిఖీ అధికారి ఇరవయ్యో తేదీన స్వయంగా వస్తారు" అని. ఆ 'స్వయంగా' చూశావా? ముప్పై నాలుగేళ్లలో పైవాళ్లెవరూ నా గది గుమ్మం తొక్కలేదు. జాబితాలో లేని వస్తువు అలమరలో ఉంటే వాళ్లేమంటారు? అమ్ముకోవడానికి దాచాడంటారు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాను. వెనక గదిలో అన్ని గొడుగులు పెట్టుకుని, వాన పడిన రోజు తడుస్తూ ఇంటికి వెళ్లినవాణ్ణి. పోయేముందు దొంగ అనిపించుకుని పోవాలా?

నాకు ఇద్దరి మీద అనుమానం. ఒకావిడ తాళాలమ్మ. అలమరల తాళాలన్నీ ఆవిడ నడుముకే వేలాడతాయి, మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. ఈమధ్య చప్పుడు లేకుండా తిరుగుతోంది. రెండోవాడు ఆవులింతలాయన, నా గుమాస్తా. పొద్దస్తమానం నిద్రపోయేవాడు వారం నుంచి చురుగ్గా ఉన్నాడు. ఎవరు చెరుపుతున్నారో నీ యంత్రంలో చూసి గుట్టుగా చెప్పు.

ఇట్లు,
అవమానం అంచున నిలబడ్డ మీ బావ

తాజా కలం: ఫోను ఎందుకు చెయ్యలేదంటావా, నా గొంతు సంగతి నీకు తెలుసు. నేను ఫోనులో గుసగుసలాడితే ఎదురు హోటలువాళ్లు జవాబు చెబుతారు. ఈమెయిలు రాద్దామంటే దాన్ని మీ ఆఫీసు యంత్రమే మోస్తుంది. అందుకే ఉత్తరం మన బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. కవరు చిరిగి ఉంటే ఆయన మీద కూడా ఓ కన్నెయ్యి.

ఏడో తేదీ, శుక్రవారం

బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. కవరు చిరగలేదు, కానీ మీరు నాలుగు పక్కలా జిగురు పూసేసరికి నేనే చింపాల్సొచ్చింది.

మా దగ్గర జాబితాలన్నీ గళ్ల పట్టికలుగా ఉంటాయి. వస్తువులది ఒక పట్టిక, యజమానులది ఒకటి, బస్సులది ఇంకొకటి, ఒకదానితో ఒకటి ముడిపడి. వాటిని ఏదైనా అడగాలంటే ప్రశ్న దాని భాషలోనే రాయాలి. రోజూ రాయలేక, పనికొచ్చే ప్రశ్నలు ముందే రాసి దాచుకుంటాం. వాటినే స్క్రిప్టులంటారు. నేను ఎక్కువగా వాడేవి ఆరు, వేరే కాగితం మీద రాసి జతచేశాను. ఒకటి, ఇప్పుడు లోపల ఎవరెవరు ఉన్నారు. రెండు, ఏ పట్టిక ఎంత పెరిగింది, ఎంత తరిగింది. మూడు, ఎవరు ఎవరికి అడ్డం పడ్డారు. నాలుగు, ఎక్కువ వస్తువులు ఎవరి పేరు మీద ఉన్నాయి. ఐదు, చివరిసారి ఎవరు ఏది చెరిపారు. ఆరు, మనుషులతో పని లేకుండా వేళకి వాటంతటవే నడిచే పనులు ఏమేమిటి. ఆరోదానితో మీకు పని లేదు, అవన్నీ మేం పెట్టినవే. మీకు చూడ్డానికి మాత్రమే అనుమతి ఇచ్చాను, వేలు పెట్టడానికి లేదు.

మొదటిది నేనే నడిపి చూశాను. బావగారూ, నిజం చెప్పండి. మీ ఒక్కరి పేరు మీద ఒకేసారి ముగ్గురు లోపల ఉన్నారేంటి? మీ పాస్‌వర్డు ఎంతమందికి తెలుసు? దొంగ చేతికి తాళాలిచ్చి దొంగతనం జరిగిందంటే ఎలా?

ఇంకో మాట. తప్పుగా అనుకోకండి, నా ఉద్యోగమే అనుమానించడం. జాబితాలోంచి పోయినవి అలమరలో ఉన్నాయని మీరే అంటున్నారు. చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

ఇట్లు,
మీ మరదలు

తాజా కలం: అక్క పేరు మీద పంపితే మీకు చేరే లోపల అక్క చదివేస్తుంది. మీ పేరు మీద పంపితే ఇంకా ముందే చదివేస్తుంది. కాబట్టి, అక్కా, కుశలమా?

పదో తేదీ, సోమవారం

మరదలికి,

బావ ఆశీస్సులు. మీ అక్క కుశలమే. నీ ఉత్తరాన్ని నాకు తనే చదివి వినిపించింది, 'చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా' అన్న చోట ఆగి నావైపు అదోలా చూసింది. నీ పుణ్యమా అని ఇంట్లో కూడా విచారణ మొదలైంది.

పాస్‌వర్డు సంగతి అడిగావు. యంత్రం అంచున చీటీ మీద రాసి అతికించాను. నేను మరిచిపోతే ఎవరు గుర్తుచేస్తారు? సరే, ఆ చీటీ పీకేసి కొత్తది పెట్టుకున్నాను. అది నా చెప్పులో దాచాను.

నీ ఐదో స్క్రిప్టు నడిపాను. చెరిపినవాళ్ల పేరు దగ్గర 'చీపురు' అని వచ్చింది. మా ఆఫీసులో చీపురు పట్టేది తాళాలమ్మే. పిలిచి, "చీపురుతో ఏం చేస్తున్నావు?" అని గట్టిగా అడిగాను. "ఊడుస్తున్నానండీ, ఇంకేం చేస్తారు?" అంది. తొణకలేదు, బెణకలేదు. అదే నాకు మరీ అనుమానంగా ఉంది. తాళాలు చప్పుడు చెయ్యకపోవడానికి కారణం మాత్రం తెలిసింది. నాకు తలనొప్పని గుడ్డ చుట్టిందట.

ఆవులింతలాయన చురుకుదనానికీ కారణం దొరికింది. ఇరవయ్యో తేదీ తనిఖీకి భయపడి నిద్ర పట్టడం లేదట. నిద్ర లేనివాడు చురుగ్గా ఎలా ఉంటాడని అడిగితే, "నాకు ఆఫీసులో నిద్ర పట్టడం లేదండీ, ఇంట్లో బాగానే పడుతోంది" అన్నాడు.

ఇద్దరినీ వదిలిపెట్టకూడదని నిన్న ఆదివారం ఒక పని చేశాను. యంత్రానికి కరెంటు తీసేసి, గదికి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈగ కూడా లోపలికి వెళ్లలేదు. సాయంత్రం తలుపు తీసి చూస్తే ఇంకో వంద మాయం! మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకి. అంటే వారానికి వంద చొప్పున ఇది మూడో ఆదివారం. మీ అక్క "దెయ్యమేమో" అంది. దెయ్యాలకి లెక్కలెందుకు?

కానీ ఒక కిటుకు పట్టాను. యజమాని గడిలో పేరున్న వస్తువుని దొంగ ముట్టుకోవడం లేదు. పేరు లేని వాటినే చెరుపుతున్నాడు. మరిచిపోయిన వస్తువుల గదిలో పేరుండేవి ఎన్నని, చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవి మాత్రం యజమానులు వచ్చి పట్టుకెళ్లే దాకా చెక్కుచెదరలేదు! కనుక నేనొక ఉపాయం పన్నాను. పోయినవన్నీ మళ్లీ ఎక్కించి, వచ్చే ఆదివారం వాడు వేలు కూడా పెట్టలేకుండా చేస్తాను. ఉపాయం ఏమిటో ఇక్కడ రాయను. గోడలకి చెవులున్నట్టే కవర్లకీ కళ్లుంటాయి.

ఇట్లు,
కాపలా కుర్చీలోంచి, మీ బావ

తాజా కలం: అలమరలో ఒక ఊతకర్ర ఉంది, ఒకటే. బస్సు ఎక్కేటప్పుడు కుంటుతూ ఎక్కినవాడు దిగేటప్పుడు దాన్ని మరిచిపోయి ఎలా దిగాడా అని నాకు పదకొండేళ్లుగా అనుమానం. దానికి నీ దగ్గర స్క్రిప్టు ఏదైనా ఉందా?

పదమూడో తేదీ, గురువారం

సూపరింటెండెంటు గారికి,

ఈ ఉత్తరం ఆఫీసు హోదాలో రాస్తున్నాను. బంధుత్వం పక్కన పెట్టి చదవగలరు.

నిన్న మా ఇంటికి అరవై మూడు నోటీసులు వచ్చాయి. "మీరు పోగొట్టుకున్న వస్తువు మా వద్ద భద్రంగా ఉన్నది, ఏడు రోజుల్లో వచ్చి తీసుకెళ్లగలరు" అని. యజమాని గడిలో పేరు పడగానే కంప్యూటరు తనే నోటీసు అచ్చేసి పంపుతుందని ముప్పై నాలుగేళ్లు ఆ గదిలో ఉన్న మీకు నేను చెప్పాలా? పోస్టుమాన్ సంచీ మా గుమ్మంలోనే బోర్లించి, "చాలా మతిమరుపనుకుంటానమ్మా" అని పోయాడు. మా ఆయనకి వేరుగా అరవై వచ్చాయి, అన్నీ చేతికర్రలూ టోపీలూ. ఆయన ఎప్పుడూ బస్సెక్కలేదు, ఎక్కాడా అని నేనిప్పుడు ఆలోచిస్తున్నాను.

నాలుగో స్క్రిప్టు నడిపాను. ఎక్కువ వస్తువులు ఎవరి పేరు మీద ఉన్నాయో చెప్పేది. మొదటి పేరు మీది, నూట ఎనభై ఎనిమిది గొడుగులు. రెండో పేరు మా అక్కది, నూట ఇరవై సంచులు. మూడు నేను, నాలుగు మా ఆయన. మొత్తం నాలుగు వందల ముప్పై ఒక్క వస్తువులూ ఒకే కుటుంబానివి. కంపెనీ చరిత్రలో ఇంత మతిమరుపు వంశం ఇంకొకటి లేదు. ఈ నాలుగో స్క్రిప్టు ఫలితం ప్రతి మంగళవారం తనిఖీ అధికారి బల్ల మీదికి వెళుతుంది. మీ అదృష్టం, ఈ వారానిది వెళ్లాక మీరు పేర్లు రాశారు. వచ్చే మంగళవారం వెళుతుంది. గురువారం ఆయన మీ ముందుంటారు.

ఇక 'చీపురు' తాళాలమ్మ చేతిలోది కాదు. అది మా ప్రధాన కార్యాలయంలో శుభ్రం చేసే పనులకి పెట్టుకున్న ఉమ్మడి ఖాతా. మా విభాగంలో ఆరుగురం వాడతాం. మిగతా ఐదుగురినీ అడిగాను, అందరూ కాదన్నారు. బయటివాళ్లకి ఆ పాస్‌వర్డు తెలిసే వీలు లేదు. ఒక్క మాట మాత్రం నా మనసులో మెదులుతోంది. రెండు నెలల కిందట మీరు మా ఆఫీసుకి వచ్చి, నేను క్యాంటీన్‌కి వెళ్లినప్పుడు పావుగంట నా కుర్చీలో కూర్చున్నారు. ఏం చేశారు?

బావగారూ, నేను అడక్కపోతే వాళ్లు అడుగుతారు. ముందు ప్రశ్న నాదైతే నయం.

ఇట్లు,
డేటాబేసు పర్యవేక్షకురాలు

తాజా కలం: ఆఫీసు హోదా ఇక్కడితో అయిపోయింది. కట్టుడు పళ్లు నా పేరు మీద రాయడానికి మీకు మనసెలా వచ్చింది? నాకు నలభై రెండేళ్లు. మా ఆయన ఆ నోటీసు ఫ్రిజ్‌కి అంటించాడు.

పద్నాలుగో తేదీ, శుక్రవారం

పర్యవేక్షకురాలు గారికి,

మీ ఉత్తరం అందింది. నీ కుర్చీలో ఏం చేశానని అడిగావు. కూర్చున్నాను. అది గుండ్రంగా తిరుగుతుంది. రెండుసార్లు తిరిగాను. యాభై ఎనిమిదేళ్లవాణ్ణి, ఎవరూ చూడలేదనుకుని తిరిగాను. ఇప్పుడది రికార్డుకెక్కింది, సంతోషమా?

పేర్లు ఎందుకు రాశానంటే, పేరున్న వస్తువు పోదని పట్టాను కాబట్టి. ఎవరి పేర్లు రాయను? ముక్కూ మొహం తెలియనివాళ్లవి రాస్తే వాళ్లు నిజంగా వచ్చి పట్టుకుపోతారు. నమ్మకమైనవాళ్లు అని తలుచుకుంటే ఆ నాలుగు పేర్లే తట్టాయి. అందులో నీదొకటి. నన్ను దొంగంటావని ముందే తెలిస్తే ఆ అరవై మూడూ డ్రైవరు పేరు మీద రాసుండేవాణ్ణి.

నీ ఉత్తరం చదివి నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. కోపమొచ్చి, నువ్వు 'పని లేదు' అన్న ఆరో స్క్రిప్టు నడిపాను. వద్దన్నదే చూడాలనిపిస్తుంది కదా. వాటంతటవే నడిచే పనుల పట్టిక వచ్చింది. పదకొండో వరసలో ఉంది, అలాగే దించుతున్నాను: 'ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. యజమాని లేని వస్తువులను చెత్తగా భావించి వంద చొప్పున తొలగించు. ప్రయోగం, ఈ ఒక్క ఆఫీసుకే.' పెట్టినవారు అనే గడిలో ఉన్నది నీ పేరు.

మూడుసార్లు చదివాను. కళ్లజోడు తుడిచి మళ్లీ చదివాను. యజమాని లేని వస్తువు చెత్త అట! అమ్మాయీ, నా గదిలో ఉండేవే అవి. యజమాని ఉంటే నా దగ్గరికెందుకు వస్తాయి? సైకిలు గంట మొదలు గోడగడియారం దాకా, ఎవడో ఒకడు ఎక్కడో వెతుక్కుంటూ ఉంటాడని ముప్పై నాలుగేళ్లు దుమ్ము దులిపాను.

ఆ పట్టిక అచ్చు తీశాను. తాళాలమ్మకి చూపించి క్షమాపణ అడిగాను. "పోనీలెండి, తలనొప్పి తగ్గిందా?" అంది. సిగ్గుతో చచ్చాను.

ఇప్పుడు విను. ఈ కాగితం తనిఖీ అధికారికి చూపిస్తే నేను బయటపడతాను, నువ్వు మునుగుతావు. నాకు మిగిలింది రెండు నెలలు. నీకు పదహారేళ్ల సర్వీసు ముందుంది. నా పరువు అంటే నాకు ప్రాణమే, కాదనను. కానీ నిన్ను చిన్నపిల్లప్పటినుంచీ ఎరుగుదును. మా పెళ్లిలో నా చెప్పులు దాచి రెండు రోజులు ఒప్పుకోని దానివి. నువ్వు మరిచిపోయావు తప్ప కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. అందుకని ఆ అచ్చు కాగితం చింపేశాను. ముసలితనం వల్ల చెయ్యి జారి నేనే చెరిపానని ఆయనకి చెబుతాను. నువ్వు నోరు మెదపకు. ఆ పనిని మాత్రం ఆదివారం రాకముందే ఆపు.

ఇట్లు,
కోపం తగ్గని మీ బావ

తాజా కలం: మీ అక్క ఈ ఉత్తరం చదివి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "నా పేరు మీద నూట ఇరవై సంచులున్నాయట కదా, అందులో తోలుది ఏదైనా ఉందా?" అని అడిగింది.

పదిహేడో తేదీ, సోమవారం

బావగారికి,

మీ మరదలు సాష్టాంగపడి రాస్తోంది.

మీ ఉత్తరం శనివారం అందింది. నిలబడే చదివాను, వెంటనే ఆఫీసుకి వెళ్లి పదకొండో వరస చూశాను. కొత్త స్క్రిప్టు రాస్తే ముందు ఒకచోట నడిపి చూడాలి. 'బావగారి ఆఫీసే కదా, ఏదైనా తేడా వచ్చినా ఇంట్లో మాటే' అని మీది ఎంచుకున్నాను. మర్నాడే చంటివాడికి జ్వరమొచ్చి సెలవు పెట్టాను, అది నడుస్తోందన్న సంగతే మరిచిపోయాను. ఐదుగురిని అడిగాను, మిమ్మల్ని అడిగాను, డ్రైవరు మీద కన్నేశాను. నన్ను నేను అడగలేదు. ఆ పదకొండో వరస అప్పుడే తీసేశాను. మీరు మళ్లీ ఎక్కించినవన్నీ పాత నకళ్లతో సరిచూసి, మన నలుగురి పేర్లూ తీసేశాను. అలమరల లెక్కా జాబితా లెక్కా ఇప్పుడు నాలుగు వందల ముప్పై ఒకటికి నాలుగు వందల ముప్పై ఒకటి.

మీరు నోరు మెదపొద్దన్నారు. మీ మాట ఎప్పుడు విన్నాను గనక? నా తప్పుకి మీరు తల వంచి నిలబడటం నేను చూడలేను. ఇవాళ పొద్దున్నే మీ ఉత్తరాలన్నీ పట్టుకుని తనిఖీ అధికారి గదికి వెళ్లాను. మొత్తం చెప్పాను. ఆయన ఉత్తరాలన్నీ వరసగా చదివారు. చివరి ఉత్తరం మాత్రం రెండుసార్లు చదివారు. తర్వాత సొరుగు లాగి, అట్టకి బిగించిన ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు.

ప్రశంసాపత్రం, బావగారూ. బంగారు రంగు అంచు. "రెండు వారాల్లో రెండు వందల వస్తువులను వాటి యజమానులకు చేర్చి, కంపెనీలోనే ప్రథమ స్థానంలో నిలిచిన సూపరింటెండెంటు గారికి" అని రాసి ఉంది. జాబితా తగ్గిందంటే వస్తువులు వాళ్లవాళ్లకి చేరాయని ఆయన అనుకున్నారు. మిమ్మల్ని పట్టుకోవడానికి కాదు, అది చేతికివ్వడానికే స్వయంగా వద్దామనుకున్నారు. ఈ మొత్తం కంపెనీలో మీ మీద అనుమానపడినవాళ్లు ఇద్దరే, మీరూ నేనూ.

ఇప్పుడు నిజం తెలిసింది కాబట్టి ఆ కాగితం ఇవ్వలేనన్నారు. ఇరవయ్యో తేదీ రాక రద్దు. నాకు మెమో ఇచ్చారు. నేను నోరు మూసుకుని ఉంటే మీకు గౌరవం దక్కేది. మీరు ఊరికే పడ్డ భయం, నేను చెప్పిన నిజం కలిసి దాన్ని పోగొట్టాయి. క్షమించండి అనడానికి కూడా మొహం చెల్లడం లేదు. ఒకటి మాత్రం చెబుతాను. నేను గది దాటుతుంటే ఆయన పిలిచి, "మెమో సంగతి అటుంచండి, ఆ ఉత్తరం జాగ్రత్తగా దాచుకోండి" అన్నారు. దాచుకున్నాను.

ఇట్లు,
మీ పేరు చెప్పుకుని బతికే మీ మరదలు

తాజా కలం: ఆ ప్రశంసాపత్రం వృథా పోలేదు. పేరు మార్చి రెండో స్థానంలో ఉన్న ఆఫీసు సూపరింటెండెంటుకి ఇస్తున్నారు, ఆయన జాబితా కూడా రెండు వారాల్లో నూట నలభై తగ్గిందట. మధ్యాహ్నం ఆరు స్క్రిప్టులూ వాళ్ల మీద నడిపాను, ఈసారి ఆరోది ముందుగా. ఆ వస్తువులకి ఒక్క యజమానికీ నోటీసు వెళ్లలేదు, అక్కడ నా చీపురు నడవనే లేదు బావగారూ.